మీ షాపు కుక్కని ఇన్‌స్టాగ్రామ్‌లోకి తేవడం ఎలా

ఫోను పక్కన పెట్టి ముందు మీ షాపు గుమ్మం చూడండి. మెట్టు మీద రోజూ పడుకునేది ఎవరు? శ్రీకాకుళంలో జీటీ రోడ్డు మీదైనా, ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కలైనా, నాలుగేళ్లు నిలబడ్డ షాపు ఏదైనా తీసుకోండి, దానికి ఒక కుక్కో పిల్లో అతుక్కుని ఉంటుంది. అడిగితే ఓనరు "మాది కాదండీ, వచ్చి తొంగుంటాది" అంటారు. మధ్యాహ్నం కేరేజీ విప్పాక మొదటి ముద్ద మాత్రం దానికే వెళ్తుంది.

ఇక్కడి చిన్న వ్యాపారాలకు సోషల్ మీడియా పేజీలు నడపడం నా పని. రేట్లు రాసిన పోస్టరు పెడితే ఓనరు, ఓనరు బావమరిది, నేను లైకు కొడతాం. అదే షాపు మెట్టు మీద కుక్క ఆవులించిన 10 సెకన్ల రీలు పెడితే నరసన్నపేట నుంచి ఎవరో "ఈ షాపు ఎక్కడండీ" అని అడుగుతారు. ఇందులో వింతేం లేదు. కొనేవాళ్లకి రేటు కంటే ముందు ఆ షాపువాడు ఎలాంటివాడో తెలియాలి. జనం తొక్కిసలాడే గుమ్మంలో కుక్క కాళ్లు బారజాపి పడుకుందంటే సగం తెలిసిపోయినట్టే.

కిటుకు కూడా కొత్తది కాదు. తాతల నాటి గ్రామఫోను ప్లేట్ల మీద గొట్టం ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క గుర్తుందా? దాని పేరు నిప్పర్. అది 1895లోనే చనిపోయింది. దాన్ని పెంచిన చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ తర్వాత గుర్తు తెచ్చుకుని బొమ్మ వేశాడు. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మ కొనుక్కుంది. బొమ్మలో ముందున్నది వేరే రకం యంత్రం. దాని మీద రంగు పూసి కంపెనీ గ్రామఫోను గీయించుకున్నారు. ముందు కుక్క వచ్చింది, సరుకు తర్వాత వచ్చి చేరింది. మనకి కావలసిన వరస అదే.

ఎవర్ని తీయాలి, ఎవర్ని తీయకూడదు

ఉన్నదాన్ని తీయండి. తెచ్చిపెట్టకండి. కొత్తగా పేజీ మొదలెట్టేవాళ్లు చేసే మొదటి తప్పు, రీల్స్ కోసం విశాఖ వెళ్లి జాతికుక్క పిల్లని కొనుక్కురావడం. హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెనకాల తిరిగిన పగ్‌ని 2003లో దేశమంతా చూసింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్లలోకి పగ్‌లు వచ్చాయో మీకూ తెలుసు. చప్పిడి ముక్కు వల్ల దానికి మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం. మన మే నెల ఉక్కపోతలో, షట్టరు పక్కన, కెమెరా ముందు దాన్ని పరుగెత్తిస్తే ప్రాణం మీదకి వస్తుంది. ఇక్కడ పుట్టి ఇక్కడి ఎండ తిన్న ఊరకుక్కకి ఆ బాధ లేదు. పైగా దాన్ని మీ వీధిలో అందరూ గుర్తుపడతారు. ఆ గుర్తుపట్టడమే సగం ప్రచారం.

రామచిలుక జోలికి పోవద్దు. పంజరంలో చిలుకని పెట్టి "గుడ్ మార్నింగ్" చెప్పించిన వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మన రామచిలుకని పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీ వీడియో మీ మీదే సాక్ష్యం అవుతుంది. చిలక జోస్యం వాళ్లని పిలిచి ఆఫరు చీటీ తీయించడం కూడా ఇదే కోవ. నక్షత్ర తాబేలుదీ అదే సంగతి. శ్రీకూర్మంలో గుడి దగ్గర తాబేళ్లని చూసి దండం పెట్టుకోండి, చేతిలోకి ఎత్తుకుని మీ బ్రాండు పక్కన పెట్టకండి. తేలినీలాపురం కొంగలు, గూడబాతులు, మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్ర తాబేళ్లు ఎవరి పెంపుడు జంతువులూ కావు. రాత్రిపూట తాబేలు మీద ఫ్లాష్ వేసి తీసిన రీలుకి లైకులు వస్తే వచ్చుగాక, నేనైతే ఆ పేజీ పని తీసుకోను.

సంక్రాంతికి గంగిరెద్దుతో రీలు తీద్దామని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలని ప్రదర్శన జంతువులుగా వాడటంపై నిషేధం చాలాకాలంగా ఉంది. 2011లో ఎద్దుని కూడా ఆ జాబితాలో చేర్చారు. వీధిలో వెళ్తున్న గంగిరెద్దుకి ఇంత బియ్యం పెట్టి పంపండి. మీ షాపు ప్రకటనలో తల ఊపించకండి.

ఇంకో గీత కూడా తెలిసి ఉండాలి. మీ గుమ్మంలో పడుకున్న కుక్కని ఫోనులో తీయడం ఒకటి. జంతువుని తెప్పించి, చెప్పినట్టు చేయించి, దాన్ని ప్రకటనగా వాడుకోవడం వేరొకటి. రెండోదానికి 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనలు వర్తిస్తాయి. భారత జంతు సంక్షేమ మండలి నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. యాడ్ ఏజెన్సీ వాళ్లు "ఏం పర్లేదు" అంటే అనుమతి కాగితం చూపించమనండి.

సూది, పట్టీ, పేరు

తీసే ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేబిస్ టీకా వేయించి, తేదీ రాసిన కార్డు షాపు డ్రాయరులో ఉంచండి. ఏడాదికోసారి మళ్లీ వేయించాలి. మెడకి రంగు పట్టీ కట్టండి. వీడియోలో అందంగా కనిపిస్తుందని కాదు, ఇది ఎవరో చూసుకుంటున్న కుక్క అని వీధికి తెలియడానికి. టీకా వేయించిన రోజే మీ మొదటి పోస్టు తీసుకోవచ్చు. నేను పెట్టించిన వాటిలో బాగా తిరిగినవాటిల్లో అదొకటి. ఓనరు కుక్కని రెండు చేతులా ఎత్తుకుని స్కూటీ వెనక కూర్చున్నాడు. అంతే వీడియో.

పేరు విషయంలో తొందరపడకండి. మన జిల్లాలో ఇంటికో అప్పన్న, వీధికో అసిరమ్మ. అవి దేవుళ్ల పేర్లు, పక్కింటి తాత పేర్లు కూడా. వాటిని కుక్కకి పెట్టి లక్షమందికి చూపిస్తే కామెంట్లు ఏ దారి పడతాయో చెప్పనక్కర్లేదు. నాయకుల పేర్లు, సినిమా హీరోల పేర్లు అసలే వద్దు. తినేవీ వాడేవీ మంచివి. మా టైలరు షాపు పిల్లి పేరు కత్తెర. ఫర్నిచర్ షాపు కుక్క పేరు బోండా. రెండక్షరాలో మూడక్షరాలో, పిలిస్తే నోరు తిరిగేలా ఉండాలి. ఈ పేరుతో ముందు ముందు పని ఉంది.

నా పరువు తీసిన జీడిపప్పు

అన్ని వ్యాపారాలకీ ఒకే పద్ధతి కుదరదు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. పలాస వైపు ఒక జీడిపప్పు వ్యాపారికి పేజీ మొదలెట్టినప్పుడు వాళ్ల కుక్కని గ్రేడింగ్ బల్ల పక్కన కూర్చోబెట్టి తీశాను. వెనకాల తెల్లటి పప్పు రాశులు, ముందు గోధుమరంగు కుక్క. ఫ్రేము చూసి నాకు నేనే మురిసిపోయాను. గంటలో మొదటి కామెంటు: "బొచ్చు కూడా కేజీ లెక్కేనా?" రెండు గంటల్లో తీసేశాం, కానీ స్క్రీన్ షాట్లు అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. తప్పు కామెంటు పెట్టినవాడిది కాదు. ఆహారం తయారుచేసే, నిల్వ ఉంచే, వడ్డించే చోటికి జంతువుల్ని రానివ్వకూడదని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది. లైసెన్సు ఉన్న వ్యాపారి ఆ వీడియో పెట్టడమంటే తనిఖీకి తనే పిలవడం.

అందుకని తిండి వ్యాపారమైతే జంతువు గడప బయటే ఉండాలి, సరుకు సీలు వేసిన ప్యాకెట్లో ఉండాలి. ప్యాకెట్లు ఎక్కించుకుని వెళ్తున్న ఆటో వెనక కుక్క వీధి చివరిదాకా సాగనంపడం చాలు. సరుకుని కుక్క చేత తినిపించే వీడియో తీయకండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. జీడిపప్పు విషం కాదు గానీ కొవ్వెక్కువ, పొట్ట పాడవుతుంది. మీ వీడియో చూసి ఇంకెవరో ఇంట్లో పెడతారు. స్వీటు షాపులవాళ్లకి మరీ చెబుతున్నాను, కిస్‌మిస్ వేసిన లడ్డూ కుక్కకి పెట్టి "బర్త్‌డే స్పెషల్" అనకండి.

బట్టల షాపుకి పిల్లి అందం, పట్టుచీరకి పిల్లి గోరు శత్రువు. అందుకే కత్తెరని అమ్మకం సరుకు మీద ఎప్పుడూ తీయను. అది కత్తిరింపు ముక్కల గుట్ట మీదే పడుకుంటుంది, మిషను చప్పుడుకి చెవులు మాత్రం ఆడిస్తూ. పొందూరు ఖాదీ అమ్మేవాళ్లయితే ఇంకో సంగతి వాడుకోవచ్చు. ఆ పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వుతారు. ఆ దవడ ఎముకని చూపిస్తే ఏ పెంపుడు జంతువు వీడియోకీ తీసిపోదు, పిల్లి పక్కన కూర్చుని దాన్నే చూస్తుంటే ఇక చెప్పేదేముంది. ఫర్నిచరు, చాపలు, పరుపులు, గొడుగులు, సైకిళ్లు, మొబైల్ షాపులు, వీటికి ఏ చిక్కూ లేదు.

తీసే పద్ధతి

నేల మీద కూర్చోండి. మీరు నిలబడి కింద ఉన్న కుక్కని తీస్తే అది వీపుగా, చిన్నగా కనిపిస్తుంది. ఫోను దాని కళ్ల ఎత్తుకి దిగాలి. ప్యాంటు మురికవుతుంది, తప్పదు. లెన్సు చొక్కా అంచుతో ఒకసారి తుడవండి. షాపుల్లో తీసే వీడియోలు మసకగా ఉన్నాయంటే పదికి తొమ్మిదిసార్లు వేలిముద్రే కారణం.

వెలుగు కోసం షట్టరు ఎత్తే వేళ మంచిది. ఉదయం 7 నుంచి 8 దాకా, లేదా సాయంత్రం 4:30 తర్వాత. మధ్యాహ్నం సిమెంటు మెట్టు మీదా తారు రోడ్డు మీదా తీయవద్దు. మీ అరచేతి వెనకభాగం నేలకి ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే, దాని కాళ్లూ కాలుతున్నట్టే. నల్లకుక్క అయితే తెర మీద దాని ముఖం తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపండి, లేకపోతే రెండు కళ్లు తప్ప ఏమీ కనపడవు. తెల్లపిల్లి అయితే కిందికి జరపండి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు.

ఫోను నిలువుగా పట్టుకోండి. ఫ్రేము కింది భాగాన క్యాప్షను, కుడి పక్కన గుర్తులు కప్పేస్తాయి, కాబట్టి ముఖం నడిమికి కాస్త పైన ఉండాలి. మీ సరుకు అంచున ఉండాలి. బోర్డు పూర్తిగా కనిపించాలని ఓనరు పట్టుబడతారు. సగం కనిపిస్తే చాలని ఒప్పించడం మీ పని. బోండా రీల్స్ అన్నిట్లో వెనక ఒక కుర్చీ కాలో, మంచం కోడో ఉంటుంది. మూడు నెలలయ్యాక జనం "ఆ టేకు మంచం ఎంతండీ" అని వాళ్లే అడగడం మొదలెట్టారు.

కెమెరా వైపు చూడాలంటే ప్లాస్టిక్ కవరు నలపండి. రెండుసార్లు పనిచేస్తుంది, మూడోసారికి మీ మోసం దానికి తెలిసిపోతుంది. ఒక పూటకి 10, 15 నిమిషాలు మించి తీయకండి. నిద్ర రానప్పుడు మాటిమాటికీ ఆవులించడం, తిండి లేకుండానే మూతి నాకడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూడటం, తోక కాళ్ల మధ్య దాచడం, ఇవన్నీ "వదిలేయండి" అని చెప్పడమే. పిల్లి అయితే చెవులు వెనక్కి మడిచి తోకని నేలకి టపటపా కొడుతుంది. ఆ ముఖం మనకి నవ్వు తెప్పించవచ్చు. జంతువుల గురించి తెలిసినవాళ్లు దాన్ని చూసి మీ పేజీ వదిలేసి వెళ్లిపోతారు.

టోపీలు, కళ్లద్దాలు, చొక్కాలు తొడగకండి. పండక్కి ఒకసారి బోండాకి పంచె కట్టాం. అది కదలకుండా రాయిలా నిలబడిపోయింది. ఆ 40 సెకన్లు నా ఫోనులో ఇంకా ఉన్నాయి, ఎక్కడా పెట్టలేదు.

ఏం తీయాలో తోచకపోతే రోజువారీ పని తీయండి. షట్టరు చప్పుడుకి పరుగెత్తుకు రావడం, అగరుబత్తి పొగకి తుమ్మడం, పేపరు వేసేవాడిని రోజూ అదే చోట మొరగడం, వర్షం పడితే కౌంటరు కింద దూరడం. ఇలాంటి ముక్కలు 5, 6 సెకన్లవి రోజూ రెండు తీసి దాచుకోండి. నెలకి 60 అవుతాయి. పనికొచ్చేవి పదో పన్నెండో తేలతాయి, అవి చాలు.

మాట మనదై ఉండాలి

దేశమంతా కుక్కల వీడియోలే. మీ దగ్గర మాత్రమే ఉన్నది ఏమిటంటే శ్రీకాకుళం మాట. వీడియో మీద అక్షరాల్లో కుక్క మనసులో మాట రాయండి, చాలామంది సౌండు లేకుండానే చూస్తారు. "ప్రియమైన కస్టమర్లకు స్వాగతం" అని బోండా అనదు. "ఏటి బావూ, బేరం సెయ్యకండానే ఎల్లిపోతన్నారేటి?" అంటుంది. మిషను పక్కన కత్తెర "నానేటి సేసినాను? దారపు ఉండ దానంతటదే దొర్లింది" అంటుంది. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు ఇలాంటివి చూస్తే వాళ్ల అమ్మకి పంపుతారు. వాళ్లమ్మ ఉండేది మీ షాపుకి రెండు కిలోమీటర్ల దూరంలో.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన యాసని సినిమాల్లో ఎన్నేళ్లుగానో తెలివితక్కువవాడి నోట పెట్టి నవ్వించారు. మీ కుక్క చేత మీరూ అదే చేయించకండి. బోండా మా వీధిలో అందరికంటే గడుసుది. ఓనరు లెక్క తప్పితే అదే పట్టుకుంటుంది, అప్పు అడిగేవాళ్లని ముందే పసిగడుతుంది. నవ్వు దాని మీద కాకుండా అది మన మీద వేసే మాటలో రావాలి. రాయడం చేతకాకపోతే షాపులో చీరలు మడతపెట్టే పెద్దావిడని అడగండి. ఆవిడ నోటి వెంట వచ్చింది వచ్చినట్టు రాసుకోండి, దిద్దకండి. నేను రాసినవాటికంటే ఆవిడవే ఎప్పుడూ ఎక్కువ తిరుగుతాయి. అందుకు ఆవిడకి నెలకింత అని ఇప్పించాను, మీరూ ఇప్పించండి.

పెట్టడం, చెప్పడం

వారానికి మూడు చాలు. నా లెక్కలో రెండింటిలో జంతువు మాత్రమే, మూడోదాంట్లో సరుకు, రేటు, ఫోను నంబరు. ఈ నిష్పత్తి తిరగబడిన రోజున జనం జారుకుంటారు. లొకేషన్ ట్యాగ్ తప్పక పెట్టండి. అవే వీడియోలు వాట్సాప్ స్టేటస్‌లో కూడా వేయండి. మన ఊళ్లలో కొనేవాళ్లు ఎక్కువగా అక్కడే చూస్తారు.

పాటల విషయంలో జాగ్రత్త. బిజినెస్ ఖాతాకి ఇన్‌స్టాగ్రామ్‌లో సినిమా పాటలన్నీ దొరకవు. ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తే సౌండు తీసేస్తారు, లేదా హక్కులున్నవాళ్లు నోటీసు పంపుతారు. అసలు పాట ఎందుకు? కుట్టుమిషను చప్పుడు, బస్సు హారను, ఓనరు "ఒరే బోండా" అని పిలిచే పిలుపు చాలు.

వేరేవాళ్ల పెంపుడు కుక్కకి పెద్ద పేజీ ఉందనుకోండి, వాళ్లతో మీ సరుకు చూపించాలంటే డబ్బిచ్చినా, ఉచితంగా పరుపు ఇచ్చినా, అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి. ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2021లోనే ఈ నియమం పెట్టింది, 2023లో కేంద్ర ప్రభుత్వం కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. "ప్రకటన" అన్న ముక్క హ్యాష్‌ట్యాగుల గుంపులో కాకుండా మొదట్లోనే కనబడాలి. షాపుకి వచ్చినవాళ్ల కుక్కని తీసినా వాళ్లని అడిగే పెట్టండి. పక్కన పిల్లలుంటే వాళ్ల ముఖం రాకుండా చూడండి.

లెక్క

లైకులు వదిలేయండి. ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఎంతమంది దాచుకున్నారు, ఆ రెండూ చూడండి. ప్రొఫెషనల్ ఖాతా అయితే ఇన్‌సైట్స్‌లో ఉంటాయి. కానీ అసలు లెక్క కౌంటరు దగ్గర తేలుతుంది. పేరుతో పని ఉందన్నాను కదా. "బోండా పంపించాడని చెబితే డెలివరీ ఉచితం" అని నెలకి ఒక్క పోస్టులో పెట్టండి. కౌంటరులో నోటుబుక్కు పెట్టి, ఆ మాట అన్నవాళ్లకి ఒక గీత గీయండి. నెలాఖరుకి గీతలు లెక్కపెడితే మీకూ నాకూ వాదన ఉండదు. డబ్బు పెట్టి పోస్టుని బూస్ట్ చేయాలనుకుంటే అప్పటికే బాగా తిరిగినదాన్నే చేయండి, ఊరి చుట్టూ 20 కిలోమీటర్లు పెట్టుకోండి. ఎవరూ చూడనిదానికి డబ్బు పోస్తే ఎక్కువమంది చూడకుండా వదిలేస్తారు, అంతే.

గొడవలు వచ్చినప్పుడు

వీధికుక్కల మీద జనం రెండుగా చీలి ఉన్నారు. మీ కామెంట్లలో కూడా చీలతారు. కరిచిన అనుభవం ఉన్నవాళ్లు కోపంగా రాస్తారు, వాళ్లని వెటకారం చేయకండి. టీకా కార్డు ఫొటో పెట్టి, రాసింది చదివామని చెప్పి ఊరుకోండి.

నిజంగానే మీ కుక్క ఎవరినైనా కరిస్తే పేజీ సంగతి తర్వాత. పుండుని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, పసుపూ కారం పూయనివ్వకుండా ఆసుపత్రికి మీరే తీసుకెళ్లండి. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా వెంట ఉండండి. ఆ కుక్క రీల్స్ ఆపేయండి.

తుపాను హెచ్చరిక ఉన్న రోజు కూడా ఆపాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రోజున ముందే షెడ్యూల్ చేసిన "వర్షంలో బోండా డ్యాన్స్" దానంతటదే పోస్టయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే షెడ్యూలు ఖాళీ చేసేయండి.

చివరగా, ఎవరూ ముందు ఆలోచించని సంగతి. కుక్క పదీ పన్నెండేళ్లు బతుకుతుంది, రోడ్డు మీదిది ఇంకా తక్కువ. ముసలిదైతే ముసలిదానిగానే చూపించండి, పాత వీడియోలు కొత్తవిగా పెట్టకండి. పోతే ఆ సంగతి ఒకటి రెండు రోజుల్లో మీరే చెప్పండి. ఒక ఫొటో, పేరు, ఎన్నేళ్లు మీ మెట్టు మీద ఉందో, అంతే. అదే పోలికతో ఇంకొకదాన్ని తెచ్చి అదే పేరు పెట్టకండి, వీధిలో పిల్లలకి తేడా తెలిసిపోతుంది. ఆ పోస్టు కింద షాపు ఫోను నంబరు ఉండకూడదు.